మెకాంగు తీరమున నలుగురు నెచ్చెలులు



దేశాటనము వలన జ్ఞానము పెంపొందునని మన పెద్దలు చెప్పుచునే వచ్చిరి. కాని ఆ మాట చెప్పునపుడు వారి మనస్సులో నుండినది పురుషుడే. స్త్రీకి యాత్రయన్న తీర్థయాత్ర. అదియును భర్తతోనో, కుమారునితోనో, బంధువులతోనో జరుగవలసినది. ఇంటిపనులు చక్కబెట్టి, పిల్లలను వారి తండ్రికో అవ్వకో అప్పగించి, తన యీడు చెలులతో, తన సంచి తానే మోసికొనుచు, పరదేశమున పది దినములు తిరిగివచ్చుట గృహిణికి సాధ్యమా, తగునా, యని యడుగువారు నేటికిని గలరు. సాధ్యమే, తగినదే యని నా యనుభవము. అయితే అట్టి ప్రయాణమున కొక ధర్మము గలదు. దానిని నాకు చక్కగా నేర్పినది లావోసు దేశమునందలి లువాంగ్ ప్రబాంగ్ అను చిన్న పట్టణము. ఆ పట్టణమును గూర్చియు, ఆ ధర్మమును గూర్చియు నాలుగు మాటలు మీకు విన్నవించెదను.

సంచి సర్దుకొనుట

మేము నలుగురము. ఒకరు బాలికల పాఠశాలలో ఉపాధ్యాయిని. అందరిలో పెద్దది గావున ఆమెను అక్కయ్య యని పిలుతుము. ఒకరు ఆసుపత్రిలో నర్సు. మూడవయామె నాకు వదినె వరుస. ఇల్లు దిద్దుకొనుటయే ఆమె యుద్యోగము. నాల్గవదానను నేను. వీపున సంచి తగిలించుకొని, తక్కువ వ్యయముతో, పడవలలోను బస్సులలోను ఊరూర తిరుగు పద్ధతి తూర్పుదేశములలో పడుచువారికి అలవాటైనది. నలువది దాటిన మేమును అట్లే పోవ నిశ్చయించితిమి.

ఒక్కొక్కరి సంచి బరువు ఏడు కిలోలు మించరాదని ముందే కట్టడి చేసికొంటిమి. మూడు జతల బట్టలు, భుజములు కప్పుకొనుటకు ఒక శాలువ, చలికొక ఉన్నిచొక్కా, తువ్వాలు, చేతిదీపము, నెలసరికి కావలసిన గుడ్డలు, దోమలకు పూసికొను మందు, విరేచనములు పట్టినపుడు నీట కలుపుకొను లవణపు పొట్లములు - ఇంతే. పాస్‌పోర్టుల నకళ్లు ఒకరివి ఒకరి సంచిలో నుంచితిమి. నగలు ఇంటివద్దనే విడిచితిమి. వదినె మాత్రము ఆవకాయ సీసా నొకదానిని పట్టుకొని కదలదయ్యెను.

"వదినా, ఆ సీసా నీవే మోయవలెను సుమా!" అంటిని.

"మోసెదనమ్మా. తినునప్పుడు మాత్రము నన్నడిగి తినుడు" అని ఆమె యనెను.

ఆ సీసా మమ్మెంత యాదుకొనెనో ముందు తెలియగలదు.

నదిమీద రెండు దినములు

లువాంగ్ ప్రబాంగునకు విమానములు గలవు. 2021 డిసెంబరులో ప్రారంభమైన క్రొత్త రైలుమార్గమున దేశరాజధానియగు వియెంతియాన్ నుండి సుమారు రెండు గంటలలో చేరవచ్చును. కాని మాకు తొందర లేదు. జనవరి నెలలో సయాముదేశపు ఉత్తరభాగమున చియాంగ్ ఖోంగ్ అను నూరు చేరి, 2013లో తెరచిన వంతెన మీదుగా మెకాంగు నది దాటి, ఆవలి యొడ్డున హువాయ్ సాయి రేవులో పొడవైన కఱ్ఱపడవ నెక్కితిమి. పడవ పగలే నడచును. నదిలో రాళ్లు మెండుగా నుండుటచే చీకటిపడగనే పాక్ బెంగ్ అను గ్రామమున నిలిచిపోవును. మఱునాటి సాయంకాలమునకు లువాంగ్ ప్రబాంగు చేరుదుము.

ఆ రెండు దినములును నాకు చిరస్మరణీయములు. పొలము దున్నువారు లేరు, ఊళ్లు పలుచన. ఇరువైపుల కొండలు, అడవి, నీటియంచున తెల్లని యిసుక. నడుమ నడుమ పడవ యొక యిసుకమేట నానుకొనును. ఎవరో యొక తల్లి బియ్యపుమూటతోను చంటిబిడ్డతోను దిగి, దారి కనబడని యడవిలోనికి నడచిపోవును. మేము వినోదమునకై ఎక్కిన పడవ ఆ తల్లికి బండి, బజారు, ఆసుపత్రి సమస్తమును. ఇది చూచినపుడు, "మనము చూడవచ్చిన దేశము మనకై కూర్చుండలేదు. దాని పనిలో అది యున్నది" అని అక్కయ్య యనెను. ఆ మాట మేము తుదివఱకు మఱువలేదు.

పట్టణము

మెకాంగులో నామ్ ఖాన్ అను నుపనది కలియుచోట, రెండు నదుల నడుమ నాలుకవలె చొచ్చుకొని వచ్చిన నేలమీద లువాంగ్ ప్రబాంగు వెలసినది. నడుమ ఫూసీ యను గుట్ట. మూడువందలకు పైగా మెట్లెక్కినచో పైన బంగారుపూత గోపురము. అటనుండి చూచిన రెండు నదులు, కొబ్బరిచెట్లు, వాలుకప్పుల బౌద్ధాలయములు, ఫ్రెంచివారి కాలపు మేడలు ఒక్కచూపులో కనబడును.

1353లో ఫా ఙుమ్ అను రాజు లాన్ సాంగ్, అనగా పదిలక్షల యేనుగులు, అను రాజ్యము స్థాపించి దీనిని రాజధానిగా చేసికొనెను. 16వ శతాబ్దమున సెత్తాతిరత్ రాజు రాజధానిని వియెంతియానునకు మార్చెను గాని, ఈ యూరి గౌరవము తగ్గలేదు. ప్రబాంగ్ అనునది బుద్ధదేవుని విగ్రహము పేరు. నిలుచుండి రెండు చేతుల నభయమిచ్చు ఆ మూర్తి సుమారు 83 సెంటీమీటర్ల యెత్తు; సింహళమున పోతపోయబడినదని ఐతిహ్యము. ఆ విగ్రహమువలననే పట్టణమున కీ పేరు. 1893 నుండి దేశము ఫ్రెంచివారి పాలనలో నుండెను, 1953లో స్వతంత్రమయ్యెను, 1975లో రాజరికము తొలగెను. రాజుగారి నగరు నేడు వస్తుప్రదర్శనశాల. 1995లో యునెస్కోవారు పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి.

నదుల సంగమమునకు దగ్గరగా 1560 ప్రాంతమున కట్టిన వాట్ షియెంగ్ తోంగ్ ఆలయము గలదు. దాని కప్పు పొరలు పొరలుగా నేలవఱకు వంగి, పిల్లలమీద రెక్కలు చాచిన కోడివలె కనబడును. ఆ యావరణముననే రాజుల శవరథము నుంచిన మందిరము గోడలపై బంగారు చెక్కడములు చూచి మేము నిలువబడిపోతిమి. రాముడు, సీత, పదితలల రావణుడు! లావోసువారు రామకథను ఫ్రా లక్ ఫ్రా లామ్ అను పేర తమ కథగా చెప్పుకొందురు. "మన సీతమ్మ యిక్కడికెప్పుడు వచ్చినదే!" అని వదినె అచ్చెరువందెను. మన పుట్టింటి చుట్టమొకరు పరదేశమున హఠాత్తుగా కనబడినట్లు మాకు సంతోషమయ్యెను.

అన్నము

మేము దిగినది సందులోని యొక కఱ్ఱయిల్లు. యజమానురాలు అరువది యేండ్ల వితంతువు. ఆమెకు లావోభాష దక్క రాదు. కుమార్తె ఇంగ్లీషు చక్కగా మాట్లాడును. తల్లి మమ్ము చూడగనే చేతులు జోడించి "సబాయ్ దీ" అనెను. చేతులు జోడించుట మన యాచారమే గావున ఆ మొదటి పలుకరింపు తోడనే కొత్తదనము పోయినది.

ఈ దేశమున ముఖ్యాహారము జిగురుబియ్యము. రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున వెదురుబుట్టలో పోసి, కుండమూతిపై నిలిపి ఆవిరిమీద నుడికింతురు. మెతుకులు ఒకదానికొకటి అంటుకొని ముద్దయగును. చిన్న వెదురుబుట్టలో పెట్టి వడ్డింపగా, చేతితో ఉండ చేసి నంజుడుతో తిందురు. శాకాహారులకు మాత్రము చిక్కే. ఊరవేసిన చేపరసము పడని కూర యరుదు. నదిలో పెరుగు పచ్చని నాచును పలుచగా పఱచి, నువ్వులు చల్లి యెండబెట్టి వేయించిన యప్పడము ఈ యూరి ప్రత్యేకవంటకము. అదియు, జిగురన్నమును, వదినె యావకాయయు మాకు నాలుగుపూటలు విందుచేసినవి. యజమానురాలు ఆవకాయ రుచిచూచి, కన్నుల నీరు తిరుగ నవ్వి, మఱికొంచెము వేయుమని గిన్నె చాపెను.

ప్రతిదినము సూర్యోదయమునకు ముందు ఆలయములనుండి కాషాయవస్త్రధారులగు భిక్షువులు వందల సంఖ్యలో వరుసగా పాదచారులై బయలుదేరుదురు. వీధిప్రక్కన చాపలు పఱచుకొని, భుజముమీదుగా పమిట వంటి పట్టెడు వస్త్రము వేసికొని, స్త్రీలు మోకాళ్లపై కూర్చుందురు. ఒక్కొక్క భిక్షువు పాత్రలో చిటికెడు ముద్ద. మాట లేదు, చూపు లేదు, కృతజ్ఞతావచనము లేదు. భిక్షువులకు మధ్యాహ్నముతో భోజనము సరి. ఆ దినపు గ్రాసమిదే. వీరిలో పలువురు బాలురు. దూరపు కొండగ్రామముల బీదబిడ్డలు. ఆలయముననే యుండి చదువు నేర్చుకొందురు. అనగా ఆ వీధి తల్లులు చేయునది మ్రొక్కుబడి మాత్రమే కాదు. పరాయి తల్లుల బిడ్డలను సాకుటకూడ.

మొదటి యుదయమున మేము పెద్దవీధికి పోయి చూచితిమి. చూచినది మాకు తృప్తి కలిగింపలేదు. యాత్రికులు గుంపులుగుంపులుగా వరుసకు అడ్డము నిలిచి, బాలభిక్షువుల ముఖములమీద మెఱుపుదీపములు కొట్టుచు ఫోటోలు తీయుచుండిరి. అన్నపుబుట్టలు, పీటలు అద్దెకిచ్చి యాత్రికులను వరుసలో కూర్చుండబెట్టువారు వేఱొకవైపు. మౌనముగా నుండుడు, దూరముగా నుండుడు, భుజములు మోకాళ్లు కప్పుకొనుడు అని హెచ్చరికపలకలు ఆలయములవద్ద పెట్టియే యున్నారు. చదువువారేరి?

బసకు తిరిగివచ్చిన పిదప మాలో వాదము పుట్టినది.

"ఇంతదూరము వచ్చి పిడికెడు భిక్ష పెట్టకుండ పోవుదునా? ఆ బుట్ట కొనినచో తప్పేమి?" అని వదినె.

"మనకు ముచ్చట, వారికి కడుపు. పాచియన్నమైనచో ఆ పిల్లవానికి కడుపునొప్పి. ఎప్పుడు వండినదో నీకు తెలియునా?" అని నర్సు.

"మొక్కు లేనిదే గుడిలో మన వంతు పళ్లెము పట్టుకొని కూర్చుందుమా?" అని అక్కయ్య.

మా గొంతులు పెరుగుట విని యజమానురాలు ఏమని యడిగినది. కుమార్తె చెప్పినది. అపుడామె యిచ్చిన ప్రత్యుత్తరమును కుమార్తె మాకు తెలియజేసెను: "మీరు తినని యన్నము పెట్టకుడు. పెట్టవలెనని మనసున్నచో రాత్రి నాతో బియ్యము కడుగుడు, నాలుగు గంటలకు నాతో లేవుడు. ఇంటివాకిట నాప్రక్కన కూర్చుండుడు. మనసు లేనివారు లోపల నిద్రపొండు. ఎవరికిని దోషము లేదు."

ఆ రాత్రి వదినెయు నేనును బియ్యము కడిగి నానబెట్టితిమి. నాలుగుగంటల చలిలో పొయ్యి రాజవేసితిమి. ఆవిరి వాసనలో ఆ వృద్ధురాలును వదినెయు భాష రాకయే ఒకరికొకరు పని యందించుకొను తీరు చూచిన, ఏండ్లతరబడి ఒక యింట కాపురము చేసిన తోడికోడండ్రనుకొందురు. స్త్రీలు భిక్షువులను తాకరాదు, వారికంటె ఎత్తున నుండరాదు అని మాకు ముందే చెప్పిరి. మంచులోనుండి వరుస వచ్చెను. మేమిద్దఱము శాలువలు కప్పుకొని ఆమె ప్రక్కన కూర్చుంటిమి. అక్కయ్యయు నర్సును ఎదుటివైపు గోడనానుకొని చేతులు కట్టుకొని నిలిచిరి. ఫోటో ఎవరును తీయలేదు. కావుననే కాబోలు, అది నా కన్నులలో చెరగక నిలిచినది.

తరువాత కుమార్తె వలన మఱియొక సంగతి తెలిసినది. యాత్రికులు పెరిగినకొలది పాతపట్టణమున ఇండ్లకు గిరాకి హెచ్చి, అనేక కుటుంబములు తమ యిండ్లను వసతిగృహములకును దుకాణములకును అద్దెకిచ్చి ఊరివెలుపలకు తరలిపోయినవి. వాకిట కూర్చుండి భిక్ష పెట్టు ఇల్లాండ్రు తగ్గుచున్నారు. ఆలయమును పోషించు కుటుంబములు లేనిదే ఆలయమెట్లు నడచును? అద్దెసొమ్ము వారి బిడ్డలకు చదువిచ్చినది, వైద్యమిచ్చినది. దానిని తప్పుపట్టుటకు మనమెవరము? కాని ఏ యాచారమును చూచుటకు లోకమంతయు వచ్చుచున్నదో, ఆ రాకయే ఆ యాచారపు వేళ్లను పెకలించుచున్నది. ఇదియే యీ పట్టణపు కష్టము. అద్దెపీటలమీద అద్దెబుట్టలతో యాత్రికులు కూర్చుండి ఇల్లాండ్ర స్థానము నింపజాలరు.

మగ్గము, చెంచా

ఎండకాలమున నామ్ ఖాన్ నదిమీద వెదురువంతెన వేయుదురు; వానలలో ఏరు పొంగునపుడు తీసివేయుదురు. దానిని దాటి, మెకాంగుయొడ్డున నడచి, షాంగ్ ఖోంగ్ అను గ్రామమునకు పోతిమి. ఇంటింట మగ్గము, నేయువారందఱు స్త్రీలే. పట్టు, నూలు, నీలిమందు, లక్క మొదలగు ప్రకృతిసిద్ధమైన రంగులు. పూవులు, నాగములు మొదలగు నమూనాలను మగ్గముమీద నిలువుగా వ్రేలాడు దారములకట్టలో దాచియుంతురు. అల్లికకు ఏ దారమెప్పు డెత్తవలెనో ఆ కట్టయే చెప్పును. తల్లి పుస్తకములో వ్రాయక దారములలో వ్రాసి కూతునకిచ్చిన విద్య యది. నూలును ముందుగా కట్టి రంగులద్ది నేయు పద్ధతియు వారికి గలదు; అది మన పోచంపల్లి, పుట్టపాక గ్రామములవారు చేయుపనియే గావున మేము వెంటనే గుర్తుపట్టితిమి.

వదినె యొక పైవస్త్రమును బేరమాడసాగెను. బేరమాడుటలో ఆమెకు సాటిలేరు. నేతగత్తె నవ్వుచు నాలుగు వ్రేళ్లు చూపెను. నాలుగువేల కిప్పులేమో, ఇంత చవుకయా యని వదినె సంబరపడగా, కాదు, నాలుగు దినముల పని యని సైగచేసి మగ్గమును చూపెను. వదినె మఱు మాటాడక అడిగిన వెల యిచ్చివేసెను. "మన యింట దినకూలి ఎంత యిత్తుమో లెక్కవేసికొంటిని. ఇది చవుకయే" అని దారిలో మాతో చెప్పెను.

సాయంకాలముల రాజవీధిలో నేలమీద గుడ్డలు పఱచి బజారు పెట్టుదురు. కొండజాతి స్త్రీలు కుట్టుపనులు అమ్ముదురు. అందొకచోట తెల్లని లోహపు చెంచాలు, కంకణములు కనబడినవి. అవి బాంబుల లోహము కరగించి పోసినవి. 1964 నుండి 1973 వఱకు అమెరికా విమానములు ఈ చిన్నదేశముమీద ఇరువదిలక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించెను. పెద్దబాంబులలోనుండి వెదజల్లబడిన చిన్న గుండ్లు సుమారు ఇరువదియేడు కోట్లు. అందు మూడవవంతువఱకు ప్రేలక నేలలో నిలిచిపోయినవి. నేటికిని పొలము త్రవ్వు రైతులు, ఆటకాయ యనుకొని చేతబట్టు పిల్లలు వానికి బలియగుచున్నారు. పట్టణమునందే యీ సంగతి తెలుపు ప్రదర్శనశాల గలదు. మేమందఱము చూచితిమి. నర్సు చాలసేపటి వఱకు మాటాడలేదు. తుదకామె, "ఈ సంగతి తెలియకయే జలపాతము చూచి పోయియుందుముగదా!" అని మాత్రమనెను. ముప్పదికిలోమీటర్ల దూరమునగల కువాంగ్ సీ జలపాతమునకును పోతిమి. సున్నపురాతిమీద జారి నీలమణివలె నిలిచిన ఆ నీటిమడుగులు కన్నుల పండువే. కాని బాటవిడిచి అడవిలో అడుగుపెట్టలేదు.

చేతిదారములు

బయలుదేరుటకు ముందురాత్రి యజమానురాలు మాకు బాసీ యను వేడుక చేసెను. పూలు, అరటియాకులతో కట్టిన కలశమువంటి గోపురము చుట్టు తెల్లని నూలుపోగులు. మనుష్యునియందు ముప్పదిరెండు ప్రాణకళలు గలవనియు, ప్రయాణములలో, దుఃఖములలో అవి చెదరిపోవుననియు, వానిని పిలిచి దారముతో మణికట్టున కట్టవలెననియు వారి నమ్మకము. ఆమె మంత్రమువలె ఏదో గొణుగుచు ఒక్కొక్కరి చేతికి పోగు ముడివేసెను. మన వరలక్ష్మీవ్రతపు తోరము జ్ఞప్తికి వచ్చి వదినె కంట తడిపెట్టెను. మూడు దినములైన విప్పరాదని ఆజ్ఞ. మేము ఇల్లు చేరువఱకు విప్పలేదు.

చెలులారా! మీలో ఎవరేని ఇట్టి ప్రయాణము తలపెట్టుదురేని నాదొక మనవి. సంచి తేలికగా నుండనిండు, మోయగలిగినంతయే మనది. తోడివారిలో ఒకరు నెమ్మదిగా నడచువారైన, మిగిలిన ముగ్గురును ఆ నడకయే నడువుడు. గుడిముందు చెప్పులు విడుచుట, భుజములు కప్పుకొనుట, పెద్దలముందు గొంతు తగ్గించుట మనకు పుట్టింటివారు నేర్పినవే. అవి సరిహద్దు దాటినంతనే మఱువకుడు. పిల్లల చేతులలో డబ్బు పెట్టకుడు. వారి తల్లుల చేతిపనిని సరియైన వెలకు కొనుడు. ఇతరుల పూజను ఫోటోగా తీయుటకు ముందు, మన పూజగదిలోనికి అపరిచితుడొకడు దీపము మెఱపించుచు వచ్చిన మనకెట్లుండునో తలపోయుడు.

మన యింటికి వచ్చిన యతిథిని దైవముగా భావింపుమని మనకు బోధించిరి. మనమే అతిథులమై పోయినపుడు ఎట్లు మెలగవలెనో అంతగా బోధింపలేదు. మనము పోవుదుమని ఎవరును తలపకపోవుటచే కాబోలు. ఇప్పుడు పోవుచున్నాము. చెలులతో నవ్వుచు, పడవలెక్కుచు, కొండలెక్కుచు పోవుచున్నాము. కావున ఆ పాఠము మనమే నేర్చుకొని మన కూతులకు నేర్పవలసియున్నది: ఊరన్నది చూడదగిన వస్తువు కాదు, ఒకరి యిల్లు. వాకిట నిలిచి పిలువనిచ్చి లోనికి పొండు. లోన పొయ్యివద్ద పని యున్నచో ఒక చేయి వేయుడు. లేచి వచ్చునపుడు ఆ యింటి యిల్లాలు మఱల రమ్మనునట్లు రండు.